అందింపు

టెక్కలి డిగ్రీ కాలేజీ, మూడో పీరియడ్.
కరెంటు ఉంది, నెట్ లేదు.
నెట్ వచ్చేసరికి కరెంటు పోయింది.
రాత్రి ఫోనులోకి దించుకున్న ఒక్క పేజీతో
ఇరవై ఏడుమంది పిల్లల మధ్య
నాలుగు వందల ఏళ్ళ కిందటి నాటకం మొదలుపెట్టాను.

మా లైబ్రరీలో పెద్ద నిఘంటువు పన్నెండు సంపుటాలు.
ఐదోదాన్ని చెదలు చదివేశాయి.
హెచ్ నుంచి కె దాకా
మా కాలేజీలో దేనికీ అర్థం లేదు.

ఫోను బెంచీ బెంచీకీ చేతులు మారింది.
తెర మీద గోధుమరంగు కాగితం,
అంచున తడి మరక,
మూలన ఎవరిదో బొటనవేలి కొస.
ఏ దేశపు గ్రంథాలయంలోనో
పేజీ లేవకుండా నొక్కిపట్టిన గుమాస్తాది.
పాఠంలో లేని ఆ వేలే
పిల్లలకి ముందు కనిపించింది.

"సార్, ఈలకి ఎస్సుకీ ఎఫ్ఫుకీ తేడా తెల్దేటి?"
పాత అచ్చులో ఎస్సు అలా పొడుగ్గా ఉండేదన్నాను.
ఒకే పేజీలో ఒకే మాట మూడు రకాలుగా ఉందన్నారు.
స్పెల్లింగు ఇంకా కుదురుకోని కాలమన్నాను.
వెనక నుంచి పేడాడ నీలవేణి లేచింది.
పదో తరగతి సర్టిఫికెట్లో ఒక నీలవేణి,
ఆధార్‌లో ఇంకో నీలవేణి,
నా హాజరుపట్టీలో మూడో నీలవేణి.
"మరి మేం 'సెప్పు' అంటే ఎందుకు దిద్దుతారు సార్?"

సుద్దముక్క వెతుక్కుంటున్నట్టు
సొరుగు తెరిచాను.

మర్నాడు ఇంకో పేజీ.
ఆ కాలపు నటుడి చేతికిచ్చే కాగితం.
నాటకమంతా ఉండదు, అతని మాటలే ఉంటాయి.
ఎదుటివాడి మాటల చోట పొడవాటి గీత,
గీత కొసన రెండు మూడు ముక్కలు.
అవి చెవిన పడగానే నోరు తెరవాలి.
ఎవరంటారో రాసుండదు,
ఎంతసేపు ఆగాలో రాసుండదు.
చెవి ఒగ్గి నిలబడటమే సగం నటనని
ఏదో పెద్ద మాట అనబోతున్నాను.

"మా తాత పుస్తకం ఇలాగే ఉంటది."

యూరియా సంచిలో చుట్టి తెచ్చింది.
లెక్కల నోటుబుక్కు, అట్ట వెనక ఎక్కాలు.
పేడాడ అప్పలసూరి, ఆడవేషం.
మీసం మొలిచేదాకా రాణి,
గొంతు పగిలాక చెలికత్తె,
ఆ తర్వాత పెట్రోమాక్సు మోసేవాడు.
లోపల గీత. గీత కొసన "దయలేదా నీకు".
కింద ఊదా సిరాలో జవాబు.
మళ్ళీ గీత.

రాజు వేషగాడి నోటుబుక్కు
తుపానులో ఇంటికప్పుతో పాటు లేచిపోయిందట.
మంత్రిది పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చింది.
మిగిలింది సగం,
అదీ జవాబుల సగం.

కిటికీ వెలుతురులో పేజీ పేజీకీ ఫోటో తీశాం.
నీలవేణి అంచు నొక్కిపట్టుకుంది.
ప్రతి ఫోటోలో మూలన ఆమె బొటనవేలు;
గోరింటాకు సగం చెరిగిన గోరు.
కత్తిరించొద్దన్నాను.
తెలీని మాటలు పదిహేడు తేలాయి.
చెదలు తినని సంపుటాల్లో కూడా లేవు.

ఆదివారం నౌపడా దాటి, ఉప్పుమళ్ళ పక్కనుంచి
వాళ్ళ ఊరు వెళ్ళాం, ఐదుగురం, జాబితాతో.
తాత జీడిపిక్కలు ఎండబోస్తున్నాడు.
వినపడదు. పదిహేడు మాటలకీ
"ఏటీ?" అనే ఒక్క జవాబు.
ఎండెక్కుతోంది. ఒక కుర్రాడు బస్సు టైము చూశాడు.
విసిగిపోయి నీలవేణి చెవిలో అరిచింది:
"దయలేదా నీకు!"

తాత చేట కింద పెట్టాడు.
నడుం ఒక పక్కకి ఒరిగింది.
లేని పైట సర్దుకుని,
పగలకముందటి గొంతేదో వెతికి తెచ్చి
జవాబు మొత్తం చెప్పాడు.
నోటుబుక్కులో లేని రెండు పాదాలు కూడా.
నేను రాసుకోవడం మర్చిపోయాను.

చెప్పి ఆగాడు.
మా ఐదుగురి ముఖాలూ వరసగా చూశాడు,
మాలో రాజెవరో అన్నట్టు.

గీత ఎంత పొడుగో
ఎవరికీ తెలీదు.